జిర్కోనియా కేసు: షేడ్ ఎక్కడ తప్పుతుంది

డెంటల్ ల్యాబ్‌లో జిర్కోనియా రీమేకులు రెండు రకాలు. మొదటివి ఫిట్ కుదరక వెనక్కి వచ్చినవి. వాటికి కారణం దొరుకుతుంది: స్కాన్‌లో మార్జిన్ సరిగ్గా రాలేదు, సిమెంట్ గ్యాప్ తప్పుగా పెట్టారు, మిల్లింగ్ బర్ అరిగిపోయింది. రెండోవి షేడ్ కుదరక వచ్చినవి. వీటికి కారణం ఎవరూ రాసిపెట్టరు. డాక్టర్‌గారు "కొంచెం గ్రేగా ఉంది, మార్చి పంపండి" అంటారు. మీరు అదే ఫైల్‌ను అదే డిస్క్‌లో మళ్లీ మిల్ చేసి, పైన స్టెయిన్ కాస్త మార్చి పంపుతారు. అదీ వెనక్కి వస్తుంది. మెటీరియల్, ఫర్నేస్ టైము, కొరియర్ ఖర్చు అన్నీ రెండింతలయ్యాక ఓనర్ మిమ్మల్ని క్యాబిన్‌లోకి పిలుస్తారు.

ఈ మాటలు ల్యాబ్‌లో క్యాడ్ డిజైన్, మిల్లింగ్, ఫినిషింగ్ చేస్తున్నవారికి. డెంటల్ మెకానిక్ డిప్లొమా చేసి వచ్చినా, పనిలో చేరి నేర్చుకున్నా ఒకటే. షేడ్ తప్పుల్లో పెద్ద భాగం సిరామిస్ట్ చేతిలో జరగదు. డిస్క్ ఎంచుకున్నప్పుడు, కేసు సమాచారం సగం సగం తీసుకున్నప్పుడు జరుగుతుంది. ఆ రెండు చోట్లా జిర్కోనియా వెలుతురుతో ఎలా వ్యవహరిస్తుందో తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. మన ల్యాబుల్లో డిజైన్ వేగంగా చేసేవాళ్లకు కొరత లేదు. ఈ కేసుకు ఈ డిస్క్ ఎందుకో డాక్టర్‌కు ఫోన్‌లో రెండు నిమిషాల్లో చెప్పగలిగేవాళ్లు మాత్రం తక్కువ. ఎదగాలనుకునేవారు పట్టుకోవలసిన పని అది.

ఒకే ఆక్సైడ్, రెండు రూపాలు

నగల షాపులో అమెరికన్ డైమండ్ అని అమ్మే రాయి, మీ మెషిన్‌లో బిగించే తెల్లటి డిస్క్ ఒకే పదార్థం: జిర్కోనియం ఆక్సైడ్. రాయి అద్దంలా పారదర్శకంగా ఉంటుంది, డిస్క్ సుద్దముక్కలా ఉంటుంది. పటికబెల్లం గడ్డలోంచి వెలుతురు పోతుంది, దాన్ని దంచితే తెల్లటి పొడి అవుతుంది. పదార్థం మారలేదు, వెలుతురుకు అడ్డొచ్చే అంచులు పెరిగాయి. ఇక్కడా అంతే. అమెరికన్ డైమండ్ అనేది యిట్రియా ఎక్కువగా కలిపి కరిగించి పెంచిన ఒకే స్ఫటికం. డిస్క్ అనేది సన్నని పొడిని అదిమి సగం కాల్చిన దిమ్మ. దాని ఘనపరిమాణంలో దాదాపు సగం ఖాళీయే. అందుకే సింటరింగ్‌లో ప్రతి వైపూ సుమారు 20 శాతం కుంచించుకుపోతుంది.

సింటరింగ్ అయ్యాక కూడా వెలుతురుకు మూడు అడ్డంకులు మిగులుతాయి. మొదటిది మిగిలిపోయిన సన్నని రంధ్రాలు. జిర్కోనియా వక్రీభవన గుణకం సుమారు 2.2, గాలిది 1. ఈ తేడా చాలా పెద్దది కాబట్టి కొద్దిపాటి రంధ్రాలున్నా వెలుతురు చెదిరిపోయి క్యాప్ సుద్దలా కనిపిస్తుంది. రెండోది అల్యూమినా. తొలి తరం డెంటల్ జిర్కోనియాలో బరువు లెక్కన పావు శాతం అల్యూమినా కలిపేవారు. దాని గుణకం సుమారు 1.76 కాబట్టి అదీ వెలుతురును చెదరగొడుతుంది. తర్వాతి పొడుల్లో దాన్ని 0.05 శాతం దాకా తగ్గించారు. బలం పెద్దగా పోకుండానే కాస్త పారభాసకత వచ్చింది.

మూడోదే అసలు విషయం. 3 మోల్ శాతం యిట్రియా ఉన్న జిర్కోనియాలో గింజలు చాలావరకు టెట్రాగోనల్ రూపంలో ఉంటాయి. ఈ రూపంలో గుణకం అన్ని దిక్కుల్లో ఒకటిగా ఉండదు. ఒక గింజ ఒక వైపు తిరిగి, పక్క గింజ ఇంకో వైపు తిరిగి ఉంటే, వాటి సరిహద్దు దాటిన ప్రతిసారీ వెలుతురు కొంచెం పక్కకు వంగుతుంది. ఒక మిల్లీమీటరు మందంలో అలాంటి సరిహద్దులు వేలల్లో ఉంటాయి. క్యూబిక్ రూపంలో గుణకం అన్ని దిక్కుల్లో ఒకటే, వెలుతురు పెద్దగా చెదరదు. యిట్రియాను 5 మోల్ శాతానికి పెంచితే దాదాపు సగం క్యూబిక్ అవుతుంది. మనం 3వై, 4వై, 5వై అని పిలిచే తేడా ఇదే.

అయితే జిర్కోనియాకు బలం ఇచ్చేదీ ఆ టెట్రాగోనల్ గింజలే. పగులు వాటి దగ్గరికి వచ్చినప్పుడు అవి మోనోక్లినిక్ రూపానికి మారి 3 నుంచి 5 శాతం ఉబ్బుతాయి, పగులు నోటిని నొక్కిపెడతాయి. ఈ గుణాన్ని 1975లో గార్వీ, ఆయన సహచరులు ప్రకటించినప్పుడు దాన్ని సిరామిక్ స్టీల్ అన్నారు. క్యూబిక్ గింజ ఇలా మారదు, పగులును ఆపదు. కాబట్టి 3వైకి సుమారు 1000 నుంచి 1200 మెగాపాస్కల్ వంపు బలం ఉంటే, 4వై 700 నుంచి 900 మధ్య, 5వై 500 నుంచి 700 మధ్య ఉంటుంది. వెలుతురు కోసం బలం ఇస్తున్నాం. రెండూ పూర్తిగా ఉన్న డిస్క్ ఇంకా రాలేదు. ఉందని సేల్స్ వాళ్లు చెబితే డేటా షీట్ అడగండి.

ఆ షీట్‌లో ఏం చూడాలో కూడా చెబుతాను. హెచ్‌టీ, ఎస్‌టీ, యూటీ, సూపర్, అల్ట్రా అనే పేర్లకు ప్రమాణమేమీ లేదు. ఒక కంపెనీ సూపర్, ఇంకో కంపెనీ మామూలు హెచ్‌టీ ఒకటే కావచ్చు. చూడాల్సినవి యిట్రియా మోల్ శాతం, ఐఎస్ఓ 6872 ప్రకారం క్లాస్, సింటరింగ్ కర్వ్, కనెక్టర్ కొలతలు. పారభాసకత 49 శాతం, 57 శాతం అని అంకె వేస్తే, అది ఎంత మందం మీద, ఏ వెలుతురులో, ఎలా కొలిచిందో రాయకపోతే దాన్ని పక్కనపెట్టండి. అర మిల్లీమీటరు మీద కొలిచిన అంకెను ఒక మిల్లీమీటరు మీద కొలిచినదానితో పోల్చి డిస్క్ కొనడం చాలా ల్యాబుల్లో జరుగుతోంది.

ఇంకో మాట. జిర్కోనియాకు మూలమైన జిర్కాన్ ఇసుక మన శ్రీకాకుళం, భీమిలి తీరాల్లోనూ ఉంది. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ జిర్కాన్ ఇసుక నుంచే రియాక్టర్ల కోసం జిర్కోనియం ఆక్సైడ్ తయారుచేస్తుంది. పళ్లకు వాడే పొడి వేరే గ్రేడు. జపాన్‌కు చెందిన టోసో కంపెనీ పొడిని ఎన్నో డిస్క్ కంపెనీలు వాడతాయి. అయినా పొడి ఒకటే కదా అని డిస్కులన్నీ ఒకటే అనుకోకూడదు. ఎలా అదిమారు, రంగు ఎలా కలిపారు, కుంచింపు ఎంత సమానంగా ఉంది అన్నవి కంపెనీని బట్టి మారతాయి. లాట్ నంబరు, కుంచింపు గుణకం ముద్రించని డిస్క్ ఎంత చవకైనా మెషిన్‌లో పెట్టవద్దు. గుణకం తెలియకుండా ఫిట్ కుదరదు, లాట్ తెలియకుండా కంప్లైంట్ చేయలేరు.

మీ ల్యాబ్‌లో వాడే ప్రతి డిస్క్‌లోంచి మూడు చిన్న బిళ్లలు మిల్ చేయండి: 0.6, 1.0, 1.5 మిల్లీమీటర్లవి. మీ ఫర్నేస్‌లోనే సింటర్ చేసి, గ్లేజ్ చేసి, సగం నలుపు సగం తెలుపు ఉన్న కార్డు మీద పెట్టి చూడండి. సరిహద్దు గీత ఎంత స్పష్టంగా కనిపిస్తే ఆ మందంలో ఆ డిస్క్ కింది రంగును అంతగా బయటపెడుతుంది. అవే బిళ్లల్ని ముదురు గోధుమ రంగు స్టంప్ మీద, బూడిద రంగు మెటల్ ముక్క మీద పెట్టి చూడండి. డిస్క్ చివర మిగిలిన ముక్కలతోనే ఈ పని అవుతుంది. ఏ క్యాటలాగూ మీకు ఇంత ఉపయోగపడదు.

మెటల్ పోస్ట్ ఉన్న ముందు పన్ను

ఒక కేసు తీసుకుందాం. 11, 21కి క్యాపులు, షేడ్ ఏ2. ప్రిస్క్రిప్షన్‌లో "హై ఎస్తెటిక్ జిర్కోనియా" అని ఒక్క మాటే ఉంది. మీరు 5వై మల్టీలేయర్ ఎంచుకున్నారు, రెండూ 0.8 మిల్లీమీటర్లకు వచ్చాయి. మోడల్ మీద అందంగా ఉన్నాయి, ఎందుకంటే మోడల్ లేత రంగులో ఉంది. నోట్లో పెట్టాక 11 బాగుంది, 21 బూడిద రంగులో ఉంది. 21కి రూట్ కెనాల్ చేసి మెటల్ పోస్ట్ వేశారని అప్పుడు తెలిసింది.

ఇక్కడ స్టెయిన్‌తో చేయగలిగింది ఏమీ లేదు. 5వై పని వెలుతురును లోపలికి పంపడం. లోపల మెటల్ ఉంటే వెలుతురు అక్కడ ఆగిపోతుంది, తిరిగి బయటకు రాదు. పైన పసుపు పూస్తే బూడిద మీద పసుపు చేరి మురికిగా తయారవుతుంది. స్టెయిన్ వేసిన ప్రతిసారీ వాల్యూ, అంటే తెల్లదనం, తగ్గుతుందే కానీ పెరగదు. బయటి పూతతో క్యాప్‌ను ముదురు చేయగలం, లేతగా చేయలేం. అందుకని రెండు డిస్కుల మధ్య సందేహం వస్తే లేతదే తీసుకోవాలి.

సరైన దారి కేసు అందిన రోజే మొదలవుతుంది. ముందు పళ్ల ప్రతి కేసులో స్టంప్ షేడ్ అడగండి. ఇవోక్లార్ వాళ్ల నేచురల్ డై గైడ్‌లో ఎన్‌డీ1 నుంచి ఎన్‌డీ9 దాకా ఉన్న షేడ్లు ఇందుకే. గైడ్ లేని క్లినిక్ అయితే ప్రెప్ చేసిన పన్ను ఫోటో అడగండి. స్టంప్ నల్లగా ఉన్నా, మెటల్ ఉన్నా మూడు మార్గాలున్నాయి. పోస్ట్ మీద ఒపేక్ కాంపోజిట్ వేయమని డాక్టర్‌ను అడగడం మొదటిది, అన్నిటికన్నా మంచిది. లేకపోతే ప్రెప్‌లో ఇంకాస్త తగ్గించి మందం ఇవ్వమనాలి. అదీ కుదరకపోతే 3వై కోపింగ్ వేసి, బయటి వైపు పోర్సిలిన్ లేయర్ చేయాలి. మూడో మార్గంలో 11కి కూడా అదే పద్ధతి వాడండి. పక్కపక్కన ఉన్న రెండు ముందు పళ్లకు రెండు వేర్వేరు మెటీరియల్స్ వాడితే ఏ2 రెండుచోట్లా ఏ2లా కనిపించదు.

ఇంప్లాంట్ కేసుల్లో టైటానియం బేస్ బూడిద రంగు కూడా ఇలాగే పైకి వస్తుంది. ఒపేక్ సిమెంట్, బంగారు రంగుకు యానోడైజ్ చేసిన బేస్, చిగురు దగ్గర మందం వీటిలో ఏది వీలైతే అది డిజైన్ మొదలుపెట్టకముందే తేల్చుకోండి.

డాక్టర్‌కు మెసేజ్ పెట్టేటప్పుడు సమస్యను మాత్రమే రాసి వదిలేయకండి. "సార్, 21లో మెటల్ పోస్ట్ కనిపిస్తోంది. 5వై వేస్తే గ్రే బయటపడే అవకాశం ఎక్కువ. పోస్ట్ మీద ఒపేకర్ వేసి మళ్లీ స్కాన్ పంపితే 4వైలో చేయగలం. ఇదే స్కాన్‌తో చేయాలంటే 3వై మీద లేయరింగ్ చేస్తాం, రెండు రోజులు ఎక్కువ పడుతుంది. ఏది చేయమంటారు?" ఇలా రాస్తే డాక్టర్ ఎంచుకుంటారు. నిర్ణయం ఆయనది, అది రాతలో ఉంటుంది. తర్వాత రీమేక్ వస్తే ఖర్చు ఎవరిదన్న వాదన ఉండదు.

బ్రిడ్జి అంటే లెక్క మారుతుంది

ఇంకో కేసు. కింద వెనక భాగంలో నాలుగు యూనిట్ల బ్రిడ్జి. పేషెంట్ "ముందు పళ్లలాగే సహజంగా ఉండాలి" అన్నారు, డాక్టర్ అదే రాశారు, మీరు అదే 5వై డిస్క్‌లో వేశారు. కొన్ని నెలలకు పాంటిక్ పక్కన కనెక్టర్ విరిగింది.

ఐఎస్ఓ 6872 ప్రమాణంలో ఈ విషయం స్పష్టంగా ఉంది. మోలార్ కలిసిన మూడు యూనిట్ల బ్రిడ్జికి కనీసం 500 మెగాపాస్కల్ ఉండే క్లాస్ 4 కావాలి. నాలుగు యూనిట్లు, అంతకు మించితే 800 ఉండే క్లాస్ 5 కావాలి. 5వై ఆ రెండో మెట్టు దగ్గరికి రాదు. కొన్ని 4వై డిస్కులు దాటుతాయి, కొన్ని దాటవు. ఇది నచ్చజెప్పుకునే విషయం కాదు, కంపెనీ సూచనల్లో లేని పని చేసి విరిగితే వారంటీ పోతుంది, పేరు కూడా పోతుంది.

కనెక్టర్ గురించి చిన్న లెక్క. చాలామంది చదరపు మిల్లీమీటర్లు చూసి సరిపోయిందనుకుంటారు. వెడల్పు 4, ఎత్తు 3 అయినా, వెడల్పు 3, ఎత్తు 4 అయినా వైశాల్యం 12. కానీ నమిలేటప్పుడు బరువు పైనుంచి పడుతుంది. వంపును తట్టుకునే సామర్థ్యం వెడల్పుతో అదే నిష్పత్తిలో, ఎత్తుతో వర్గంగా పెరుగుతుంది. మొదటిదానికి 4 ఇంటూ 9, అంటే 36. రెండోదానికి 3 ఇంటూ 16, అంటే 48. అదే మెటీరియల్, అదే వైశాల్యం, మూడో వంతు ఎక్కువ బలం. క్లినికల్ క్రౌన్ పొట్టిగా ఉండి ఎత్తు దొరకనప్పుడు జిర్కోనియా బ్రిడ్జి ఒప్పుకోవాలా వద్దా అన్నది డిజైన్ తెర మీదే తేల్చాలి. పళ్ల మధ్య సందు లోతుగా కనిపించాలని సింటరయ్యాక కటింగ్ డిస్క్‌తో కోత పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. ఆ కోత మొదలయ్యే చోటే పగులు మొదలవుతుంది.

ఇప్పుడు వస్తున్న మల్టీలేయర్ డిస్కుల్లో రెండు రకాలున్నాయి. కొన్నింటిలో రంగు మాత్రమే పొరలుపొరలుగా మారుతుంది, బలం ఒకటే. మరికొన్నింటిలో పైన 5వై, కింద 3వై ఉంటుంది. బలం కూడా మారుతుంది. మీ డిస్క్ ఏ రకమో తెలియకుండా నెస్టింగ్ చేయకూడదు. డిస్క్‌లో ఖాళీ మిగలకూడదని క్యాప్‌ను పైకి జరిపితే అది ఎక్కువ ఇన్సైజల్ పొరలోకి వెళ్లి పల్చగా, గాజులా వస్తుంది. కిందికి జరిపితే ఏ2 అడిగిన కేసు ఏ3లా వస్తుంది. బలం మారే డిస్క్ అయితే బ్రిడ్జి కనెక్టర్ ఏ పొరలో పడిందో కూడా చూడాలి. డిస్క్ ఆదా చేయమని ఓనర్ ఒత్తిడి పెడతారు, అది న్యాయమే, డిస్క్ ఖరీదైనది. కానీ ఆదాను వెనక పళ్ల సింగిల్ క్యాపుల్లో చూపించండి. ముందు పళ్లను, బ్రిడ్జిలను వాటి సరైన ఎత్తులోనే పెట్టండి. ఒక రీమేక్ ఖర్చు ముందు ఆ మిగులు నిలవదు.

ఫర్నేస్ మీద నమ్మకం ఎంత

2001లో ఒక ఫ్రెంచ్ కంపెనీ తయారుచేసిన కృత్రిమ తుంటి కీళ్ల జిర్కోనియా బంతులు వందల్లో విరిగాయి. రీకాల్ చేయాల్సి వచ్చింది. మెటీరియల్ అదే 3వై. మారింది సింటరింగ్ ఫర్నేస్. ఒక్కో బ్యాచ్‌గా కాల్చే ఫర్నేస్ నుంచి టన్నెల్ ఫర్నేస్‌కు మార్చారు. లోపలి గింజల నిర్మాణం కొంచెం తేడాగా వచ్చింది, శరీరంలోని తేమలో అవి వేగంగా పాడయ్యాయి. పెద్ద కంపెనీకే ఇలా జరిగితే, రోజుకు నాలుగుసార్లు తలుపు తెరిచే చిన్న ఫర్నేస్‌ను సంవత్సరమంతా పరీక్షించకుండా నమ్మడం సరికాదు.

మామూలు సింటరింగ్ 1450 నుంచి 1550 డిగ్రీల మధ్య ఉంటుంది. ఉష్ణోగ్రత తగ్గితే రంధ్రాలు మిగులుతాయి: క్యాప్ సుద్దగా, అడిగినదానికన్నా తెల్లగా కనిపిస్తుంది, పూర్తిగా కుంచించదు కాబట్టి వదులుగా ఉంటుంది. షేడ్ తెల్లబారి, ఫిట్ కూడా వదులైతే ముందు ఫర్నేస్‌ను అనుమానించండి. పెరిగితే గింజలు పెద్దవవుతాయి, పారభాసకత కొంచెం పెరిగినట్టు కనిపించినా బలం, తేమకు తట్టుకునే గుణం తగ్గుతాయి. తెర మీద 1530 అని కనిపించినా లోపల నిజంగా అంత ఉందో లేదో థర్మోకపుల్ పాతబడ్డాక చెప్పలేం. ఉష్ణోగ్రత తనిఖీకి పీటీసీఆర్ రింగులు దొరుకుతాయి. రింగును కేసులతో పాటు కాల్చి, దాని వ్యాసాన్ని మైక్రోమీటరుతో కొలిస్తే నిజంగా ఎంత వేడి అందిందో తెలుస్తుంది. నెలకోసారి చేసి తేదీతో రాసిపెట్టండి.

క్యాపులు పసుపుపచ్చగానో ఆకుపచ్చ ఛాయతోనో వస్తే హీటింగ్ ఎలిమెంట్ల నుంచి వచ్చిన మలినం కావచ్చు. చాలా ఫర్నేసుల్లో మాలిబ్డినం డైసిలిసైడ్ ఎలిమెంట్లు ఉంటాయి. రంగు లిక్విడ్‌లోని ఆమ్ల ఆవిర్లు, తడి ఆరని క్యాపులు వాటి పైపూతను పాడుచేస్తాయి. కంపెనీ చెప్పిన క్లీనింగ్ ఫైరింగ్‌ను పనికిరాని జిర్కోనియా ముక్కలు పెట్టి చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. లిక్విడ్‌లో ముంచిన క్యాపులను పూర్తిగా ఆరబెట్టాకే ఫర్నేస్‌లో పెట్టాలి. కొరియర్ వచ్చే వేళకు అందించాలని ఈ మెట్టు దాటేస్తే పగుళ్లు కూడా వస్తాయి.

స్పీడ్ సింటరింగ్ గురించి అందరూ అడుగుతారు. డిస్క్ కంపెనీ తన సొంత స్పీడ్ కర్వ్ ఇచ్చి ఉంటే సింగిల్ క్యాపులకు వాడవచ్చు. ఒక కంపెనీ కర్వ్‌ను ఇంకో కంపెనీ డిస్క్‌కు వాడకూడదు. 5వై డిస్కుల్లో తొందరపడితే మొదట పోయేది పారభాసకతే, అంటే మీరు డబ్బు పెట్టి కొన్న గుణమే. పొడవైన బ్రిడ్జిలు, ఫుల్ ఆర్చ్ ఇంప్లాంట్ ఫ్రేములు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారాలి. సాయంత్రం "రేపు ఉదయం డెలివరీ" అని ఫోన్ వస్తే ఏ కేసు స్పీడ్‌లో వేయవచ్చో, ఏది కుదరదో రాసిన కాగితం గోడ మీద ఉన్న ల్యాబ్‌లో గొడవలు తక్కువ. ఆ కాగితం మీరే రాసి ఓనర్‌తో సంతకం చేయించండి.

వాట్సాప్‌లో వచ్చిన షేడ్

షేడ్ సమాచారం ఇప్పుడు ఎక్కువగా ఫోన్ ఫోటోగా వస్తోంది. ఫోన్ కెమెరా తెలుపును తనంతట తాను సర్దుతుంది, కుర్చీ లైటు పసుపు, గోడ రంగు అన్నీ కలుస్తాయి. కాబట్టి ఫోటోలో కనిపించే రంగును బట్టి షేడ్ నిర్ణయించకండి. షేడ్ ట్యాబ్ పన్ను పక్కనే, అదే తలంలో, పేరు కనిపించేలా పట్టుకుని తీసిన ఫోటో అడగండి. అప్పుడు ఫోటో రంగు తప్పినా ట్యాబ్‌కు, పన్నుకు మధ్య తేడా మిగులుతుంది. మనకు కావలసింది ఆ తేడానే.

ఫోటో ప్రెప్‌కు ముందే తీయాలి. నోరు తెరిచి ఉంచితే పన్ను ఆరిపోయి తెల్లబడుతుంది. గంట పని తర్వాత తీసుకున్న షేడ్‌కు క్యాప్ చేస్తే, మర్నాటికి పక్క పళ్లు తమ రంగుకు వచ్చి క్యాప్ ఒక్కటే తెల్లగా నిలబడుతుంది. ఈ కంప్లైంట్ ల్యాబ్ మీదకే వస్తుంది. మీతో ఎక్కువ పని చేసే క్లినిక్‌లకు ఫోటో ఎలా తీయాలో అర పేజీ తయారుచేసి ఇవ్వండి. అసిస్టెంట్లకు నేరుగా చూపిస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ఫోటో తీసేది ఎక్కువగా వాళ్లే.

ల్యాబ్‌లో షేడ్ చూసే బల్ల దగ్గర 5500 నుంచి 6500 కెల్విన్ దీపం ఉండాలి. ఒక దీపం కింద కలిసిన రెండు రంగులు ఇంకో దీపం కింద విడిపోతాయి. అందుకే కిటికీ వెలుతురులోనూ, దీపం కింద కూడా చూడండి. రంగు తేడాకు అంకె కావాలంటే, సీఐఈడీఈ 2000 లెక్కలో 0.8 దాటితే సగం మంది కంటికి తేడా తెలుస్తుంది, 1.8 దాటితే సగం మంది ఒప్పుకోరు. కొలిచే పరికరం ఉన్న ల్యాబులు ఈ రెండు గీతలను హద్దుగా పెట్టుకోవచ్చు. పరికరం లేకపోయినా ముందు వాల్యూ, తర్వాత మిగతా రంగు చూసే క్రమం పాటించండి. వాల్యూ తప్పితే రోడ్డు అవతలి నుంచి కూడా తెలుస్తుంది.

సహజ పన్ను అతినీలలోహిత కాంతిలో నీలి తెలుపుగా మెరుస్తుంది. మామూలు జిర్కోనియా అలా మెరవదు. పెళ్లి సంగీత్‌లో డీజే లైట్ల కింద ఒక్క ముందు పన్ను నల్లగా కనిపించిందని వచ్చే ఫిర్యాదు ఇదే. ముందు పళ్లకు ఫ్లోరసెంట్ గ్లేజ్ వాడండి. వెనక పళ్లలో నమిలే తలానికి గ్లేజ్ కన్నా మంచి పాలిష్ మేలు. గ్లేజ్ కొంతకాలానికి అరిగిపోతుంది, కింద గరుకు ఉంటే ఎదురు పన్ను ఎనామెల్‌ను తినేస్తుంది. పాలిష్ చేసిన జిర్కోనియా ఎదురు పన్నును అంతగా అరగదీయదు. డాక్టర్ కుర్చీ దగ్గర గ్రైండ్ చేస్తే మళ్లీ పాలిష్ చేయాలని కేసు కాగితం మీద రాసి పంపండి. అదే కాగితం మీద ఇంకో రెండు మాటలు: జిర్కోనియాకు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఎచింగ్ పనిచేయదు; ట్రయల్ తర్వాత ఫాస్ఫారిక్ యాసిడ్‌తో కడిగితే ఎండీపీ ప్రైమర్ సరిగ్గా పట్టదు. క్యాప్ ఊడిందని వచ్చే ఫోన్లలో కొన్ని ఈ రెండు వాక్యాలతో తగ్గుతాయి.

మీ స్థానం గురించి

రీమేక్ లాగ్ ఒకటి మీ పేరు మీద మొదలుపెట్టండి. కేసు నంబరు, డిస్క్ రకం, లాట్, మందం, స్టంప్ సమాచారం ఉందా లేదా, ఫర్నేస్ సైకిల్, తిరిగొచ్చిన కారణం. పేషెంట్ పేరు వద్దు. ఆరు నెలల లాగ్ చూస్తే ఏ క్లినిక్ స్టంప్ ఫోటో పంపదో, ఏ డిస్క్ లాట్‌లో తేడా ఉందో, ఏ వారం ఫర్నేస్ దారి తప్పిందో కనిపిస్తుంది. ఈ లాగ్‌ను ఎవరినీ పట్టించడానికి వాడకండి. సహోద్యోగి మీద వాడారంటే మర్నాటి నుంచి ఎవరూ నిజం రాయరు, లాగ్ పనికిరాకుండా పోతుంది.

జీతం మాట్లాడేటప్పుడు రోజుకు ఎన్ని యూనిట్లు డిజైన్ చేస్తానన్న లెక్క ఒక్కటే చెబితే మీకన్నా వేగంగా చేసే కుర్రవాడు, లేదా సాఫ్ట్‌వేర్ ఆటో డిజైన్, మీ స్థానంలోకి వస్తారు. షేడ్ రీమేకులు ఎక్కడి నుంచి ఎక్కడికి తగ్గాయో లాగ్‌తో చూపించండి. ఓనర్‌కు అది నేరుగా డబ్బు. రాత్రి షిఫ్టుల్లో అమెరికా ల్యాబులకు డిజైన్ చేసేవారికి కూడా ఇది వర్తిస్తుంది. మీ చేతికి డిస్క్ రాదు, ఫర్నేస్ కనిపించదు, అయినా కనెక్టర్ ఎత్తు, ముందు పన్ను మందం, స్టంప్ ఫోటో లేదన్న సంగతి మీ తెర మీదే ఉంటాయి. నోట్ రాసి పంపే డిజైనర్‌ను క్లయింట్ పేరుపెట్టి అడుగుతారు.

సమాచారం లేని కేసును ఆపే అధికారం మీకు ఉండకపోవచ్చు. అప్పుడు మీ ప్రశ్న రాతలో పెట్టి, జవాబు వచ్చేదాకా వేరే కేసు చేయండి. గడువు దగ్గరపడ్డా జవాబు రాకపోతే సూపర్‌వైజర్‌ను అడిగి, ఆయన చెప్పిన డిస్క్ పేరు కేసు షీట్‌లో రాసి, ఆయన చేత ఇనీషియల్ వేయించుకుని మిల్ చేయండి.